గంటా నలభై నిమిషాలు ఓపిగ్గా చూసిన ఫిజియోథెరపీ క్లినిక్, నల్గొండ

ముందే చెప్పేస్తాను, క్లినిక్ పేరు రాయడం లేదు. రాయొద్దని అక్కడి ఫిజియో మేడమే అడిగారు. అక్కడ ఉండేది ఆమె, ఒక అసిస్టెంట్ అమ్మాయి, ఇద్దరే. "ఒక్కసారిగా జనం వచ్చి పడితే మీకు ఇచ్చినంత టైమ్ ఇంకెవరికీ ఇవ్వలేనమ్మా" అన్నారు, ఆ మాట నాకు న్యాయంగానే అనిపించింది. రామగిరి వైపు, కింద మెడికల్ షాపు, పైన మొదటి అంతస్తులో క్లినిక్, అంతవరకు చెప్పగలను. నేను రాసేది ముఖ్యంగా మొదటి రోజు పరీక్ష గురించి. కీళ్లు వదులుగా ఉండి, దాంతోపాటు కళ్లు తిరగడం, నీరసం, కడుపు బాధ, నిద్ర పట్టకపోవడం అన్నీ కలిసి పీడించేవాళ్లను మొదటి రోజు ఎలా చూడాలో నాకు అక్కడే తెలిసింది. మీరు ఏ ఊళ్లో ఏ ఫిజియో దగ్గరికి వెళ్లినా ఇవన్నీ అడిగారా లేదా చూసుకోండి.

నాకు 33 ఏళ్లు. పుట్టిల్లు మర్రిగూడ మండలంలో, అత్తగారిల్లు నల్గొండ టౌన్‌లో. మీసేవలో ఆపరేటర్‌ని, పొద్దున పది నుంచి సాయంత్రం దాకా చేతులు కీబోర్డు మీదే. చిన్నప్పుడు బొటనవేలు వెనక్కి మడిచి ముంజేతికి ఆనించి చూపిస్తే క్లాసు పిల్లలందరూ మూగేవాళ్లు, "దీని ఒంట్లో ఎముకలు లేవురా, రబ్బరుంది" అని మా డ్రిల్లు సారు నవ్వేవారు. పాప పుట్టిన తర్వాత నుంచి ఆ ఒళ్లే నాకు శత్రువైంది. జొన్నరొట్టె తడుతుంటే మణికట్టు పక్కకి జారినట్టయ్యేది, నిద్రలో ఒత్తిగిల్లితే భుజం టక్కుమని కిందికి దిగేది, మెట్లు దిగుతుంటే మడమ దానంతటదే మడతపడేది. బతుకమ్మ ఆడేటప్పుడు రెండు పాటలు అయ్యేసరికి కళ్ల ముందు చీకట్లు కమ్మేవి, పక్కకొచ్చి అరుగు మీద కూలబడితే మా ఆడబిడ్డ "ఏమైంది వదినా, పొద్దటిసంది ఏం తినలేదా?" అని గాభరా పడేది. తిన్నాను, నీళ్లు కూడా తాగాను, అయినా అంతే.

మర్రిగూడ అని ఊరి పేరు చెప్పగానే ఎవరి నోటి నుంచైనా ఒకటే మాట వస్తుంది, ఫ్లోరైడ్. తప్పు పట్టలేం. వంగిన నడుములు, దొడ్డికాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేదని మాకు బడిలోనే తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరొచ్చిందంటే మా జిల్లా గోస ఎంత పాతదో అర్థం చేసుకోండి. కానీ ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకల్ని కీళ్ల దగ్గర కలిపి పట్టుకునే లిగమెంట్లు గట్టిపడి ఎముకలా తయారవుతాయి, మెడ తిప్పలేరు, కింద కూర్చోలేరు. నాది పూర్తిగా దానికి ఎదురు, అన్నీ అవసరానికి మించి తిరుగుతాయి. ఈ చిన్న తేడా ఏడేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఎక్స్‌రే నార్మల్, కీళ్లవాతం కోసం చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్, యూరిక్ యాసిడ్ నార్మల్, చివరికి "పిల్లలు చిన్నోళ్లు కదా, టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని ఒక నిద్రమాత్ర. మా అత్తమ్మ అయితే "గింత వయసుల గీ నొప్పులేంది, మేం నాట్లేసి ఇంటికొచ్చి వండిపెట్టినం" అనేది. ఆమె చెడ్డది కాదు, రిపోర్టుల్లో ఏమీ లేదని డాక్టర్లే అంటుంటే ఆమె మాత్రం ఇంకేం అనుకుంటుంది?

ఇంతకు ముందు ఒకచోట పది సిట్టింగులు చేయించుకున్నాను. ఆ చోటు పేరు అనవసరం. అక్కడ మొదటి రోజు పరీక్ష మూడు నిమిషాలు. చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తాను, "బాగానే లేస్తోంది కదా, కండ పట్టేసింది, స్ట్రెచ్ చేయాలి" అన్నారు. కరెంటు పెట్టడం, సెక, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని బలంగా పైకి వెనక్కి లాగడం. చేసినంతసేపు హాయిగా ఉండేది, రాత్రికి మంటలు. ఆరో రోజు లాగుతుండగా భుజం జారింది, దానంతటదే లోపలికి వెళ్లింది కానీ వారం రోజులు పాపని ఎత్తుకోలేకపోయాను. నొప్పి ఎక్కువైందని చెప్తే మొదట్లో అలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి అన్నారు. మిగిలిన నాలుగు సిట్టింగులు డబ్బు కట్టాను కదా అని వెళ్లాను, ఆ పని చేయకుండా ఉండాల్సింది.

ఈ క్లినిక్ గురించి చెప్పింది మా తోడికోడలు, వాళ్ల అబ్బాయి చెయ్యి విరిగినప్పుడు ఇక్కడే చూపించింది. ఫోన్ చేసినప్పుడే తేడా తెలిసింది. పాత రిపోర్టులన్నీ తెమ్మన్నారు, వదులు బట్టలు వేసుకోమన్నారు, వచ్చే ముందు రెండు మూడు గంటలు టీ కాఫీ తాగొద్దు, కానీ తిని నీళ్లు తాగి రండి, తిరిగి వెళ్లేటప్పుడు మీరే బండి నడపొద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి అన్నారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మా ఆయన సగం పూట సెలవు పెట్టి వచ్చాడు.

మొదటి నలభై నిమిషాలు ఆమె నన్ను ముట్టుకోలేదు. మనిషి బొమ్మ ముందువైపు, వెనకవైపు అచ్చేసిన కాగితం, ఒక ఎర్ర పెన్ను ఇచ్చి నొప్పి ఉన్నచోటల్లా గీయమన్నారు. దవడ దగ్గర మొదలుపెట్టి మడమల దాకా గీస్తూ పోయాను, ఇంత ఎరుపు చూసి ఏమనుకుంటారో అని మధ్యలో ఆపేశాను. "ఆపకండి, ఉన్నది ఉన్నట్టు పెట్టండి" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికి ఏమీ లేదు, నిజంగానే ఏడ్చాను, ఆమె ఫ్యాన్ స్పీడ్ తగ్గించి మంచినీళ్లు ఇచ్చి కూర్చున్నారు, తొందరపెట్టలేదు.

తర్వాత ప్రశ్నలు. పుట్టినప్పటి నుంచి వరసగా. నడక ఆలస్యమైందా, చిన్నప్పుడు మోకాళ్లు మడిచి పాదాలు రెండూ బయటికి పెట్టి కూర్చునేవారా, కాళ్లు ఎన్నిసార్లు బెణికాయి, దెబ్బ తగలకుండానే చర్మం కమిలిపోతుందా, కుట్లు పడ్డచోట మచ్చ పలచగా కాగితంలా ముడతలు పడిందా, హెర్నియా ఆపరేషన్ అయిందా, పన్ను పీకేటప్పుడు మత్తు ఇంజెక్షన్ సరిగా పట్టిందా. చివరి ప్రశ్నకు నేను అదిరిపడ్డాను, మూడు ఇంజెక్షన్లు ఇచ్చినా నాకు నొప్పి తెలుస్తూనే ఉంటే పంటి డాక్టర్ నేను భయంతో అంటున్నాననుకున్నారు. ఇలాంటి ఒళ్లు ఉన్న కొంతమందిలో అది కనిపిస్తుందని ఈమె చెప్పారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా, రక్తనాళం పగిలిందని ఎవరికైనా చెప్పారా అని కూడా అడిగారు. ఎందుకు అంటే, కీళ్లను, చర్మాన్ని పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే ఎహ్లర్స్ డాన్లోస్ అనే జబ్బుల గుంపులో రక్తనాళాలను దెబ్బతీసే రకం ఒకటి ఉంది, అది అరుదు కానీ ప్రమాదం, అది కాదని ముందు తేల్చుకోకుండా ఏ ఫిజియో కూడా చెయ్యి వేయకూడదు అన్నారు. మెడ ముట్టుకునే ముందు మళ్లీ వేరే ప్రశ్నలు: చేతులు మొద్దుబారతాయా, మింగడం కష్టమా, మూత్రం తెలియకుండా పోతుందా, తల వంచితే ఒంట్లో కరెంటు పాకినట్టు ఉంటుందా. మెడ వదులుగా ఉన్నవాళ్లకు మెడ విరిచి టక్కుమనిపించే పని ఎవరూ చేయకూడదట. మా తమ్ముడు కటింగ్ షాపులో ప్రతిసారీ మెడ విరిపించుకుంటాడు, ఆ రాత్రే ఫోన్ చేసి ఇక చేయించుకోవద్దని చెప్పాను.

దగ్గితే తుమ్మితే మూత్రం పడుతుందా, పీరియడ్స్ ముందు కీళ్లు ఇంకా వదులవుతాయా అని కూడా అడిగారు, రెండూ ఉన్నాయి. ఇక్కడ ఒక లోపం చెప్పాలి. ఈ ప్రశ్నలు అడిగింది పరదా వెనక, పరదా అవతల ఇంకో పేషెంటు కూర్చుని ఉన్నారు. మేడమ్ గొంతు తగ్గించి అడిగారు కానీ నా జవాబులు బయటికి వినపడ్డాయనే అనిపించింది. ఆడవాళ్లు ఇలాంటివి చెప్పాలంటే తలుపున్న గది ఉండాలి. ఆమెతో కూడా ఇదే చెప్పాను.

ఇక కొలతలు. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే నా జీవితంలో మొదటిసారి నా నొప్పికి ఒక అంకె కనిపించింది. బేటన్ స్కోర్ అంటారు, మొత్తం 9 మార్కులు. అరచెయ్యి బల్ల మీద పెట్టి చిటికెనవేలు పైకి లేపితే 90 డిగ్రీలు దాటాలి, చేతికి ఒకటి చొప్పున. బొటనవేలు ముంజేతికి ఆనాలి, అదీ చేతికొకటి. మోచేయి, మోకాలు తిన్నగా చాచినప్పుడు 10 డిగ్రీలకు మించి వెనక్కి వంగాలి, ఒక్కోదానికి ఒకటి. మోకాళ్లు వంచకుండా రెండు అరచేతులు నేలకు ఆనితే ఇంకొకటి. ఆమె దగ్గర పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కొలత ఉంది, రెండు స్కేళ్లు మధ్యలో చీలతో కలిపినట్టు ఉంటుంది, గోనియోమీటర్ అన్నారు. దాని చీల నా మోచేతి ఎముక మీద ఆనించి, ఒక స్కేలు భుజం వైపు, ఇంకోటి మణికట్టు వైపు పెట్టి, వంగి కంటితో చదివారు. కుడి మోచేయి 14, ఎడమది 16. నా చెయ్యి అలా వెనక్కి వంగడం నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, అది మామూలు అనుకున్నాను. మోకాళ్లు 8 దగ్గరే ఆగాయి, మార్కు లేదు. నేలకు చేతులు ఆనలేదు, కానీ పెళ్లికి ముందు ఆనేవి అని చెప్తే అది కూడా పక్కన రాసుకున్నారు. వేళ్లకు నాలుగు, మోచేతులకు రెండు, మొత్తం 6.

వెంటనే ఆమె చెప్పిన మాట ఏమిటంటే, పెద్దవాళ్లలో 50 ఏళ్ల లోపు 5 గాని అంతకు పైన గాని వస్తే ఒళ్లంతా వదులు ఉన్నట్టు లెక్క, 50 దాటితే 4 చాలు, కానీ ఈ మార్కులు జబ్బు కాదు. ఇలా వంగేవాళ్లు చాలామంది ఏ నొప్పీ లేకుండా బతుకుతారు, డ్యాన్సుల్లో యోగాలో రాణిస్తారు. పైగా బేటన్ అనే డాక్టరు 1973లో తన తోటి డాక్టర్లతో కలిసి ఆఫ్రికాలో చాలామంది జనాన్ని చూసేటప్పుడు త్వరగా లెక్క తేల్చడానికి పెట్టుకున్న కొలత ఇది, ఇందులో భుజం లేదు, మెడ లేదు, దవడ లేదు, మడమ లేదు. అందుకని అవన్నీ ఆమె విడిగా చూశారు. భుజం చూసేటప్పుడు లాగలేదు, రెండు వేళ్లతో పైఎముక మీద ఆనించి కొద్దిగా కిందికి నొక్కారు, భుజం కింద చిన్న గుంట పడింది. "ఇదిగో, ఇది మీరు ఊహించుకున్నది కాదు" అని అద్దంలో చూపించారు. మా ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మకు ఆయనే చెప్పాడు, నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

నన్ను బాగా కదిలించిన పరీక్ష ఇంకోటి ఉంది. కళ్లు మూసుకోమని, నా ఎడమ చెయ్యిని ఒక ఎత్తుకు లేపి అక్కడ ఆపి, కుడి చెయ్యిని కూడా సరిగ్గా అదే ఎత్తుకు తెమ్మన్నారు. తెచ్చాననే అనుకున్నాను. కళ్లు తెరిస్తే రెండు చేతుల మధ్య జానెడు తేడా. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. ఒంటికాలి మీద కళ్లు తెరిచి నిలబడగలిగాను, మూస్తే నాలుగు సెకన్లకే ఊగిపోయాను, ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే వ్యవస్థ నాలాంటివాళ్లలో మందంగా ఉంటుందట. అందుకే గడపలకు కాళ్లు తగలడం, చేతిలో గ్లాసు జారడం, గుమ్మానికి భుజం కొట్టుకోవడం. ఇన్నేళ్లు నన్ను "చూసి నడవదు" అన్నారు అందరూ, నేను కూడా నన్ను అలాగే తిట్టుకున్నాను.

కీళ్లు వదులైతే కండరాలు గట్టిగా ఎందుకుంటాయి అన్న ప్రశ్న మా ఆయన అడిగాడు, మంచి ప్రశ్న. ఆమె గుడారం పోలిక చెప్పారు: తాళ్లు వదులైతే గుంజల్ని ఎవరో ఒకరు చేతులతో పట్టుకు నిలబడాలి, లిగమెంట్లు చేయాల్సిన పని కండరాలు రోజంతా చేస్తుంటే అవి పట్టేయకుండా ఎలా ఉంటాయి? ఆ పట్టేసిన కండను బలంగా సాగదీస్తే పట్టుకున్న చేతుల్ని కూడా విడిపించినట్టే. పాతచోట నా భుజం ఎందుకు జారిందో అప్పుడు అర్థమైంది.

చివరి పరీక్షకే టీ తాగొద్దన్నారు. పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, పల్స్ చూశారు, పల్స్ 74. తర్వాత గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, కదలకుండా, మాట్లాడకుండా పది నిమిషాలు నిలబడమన్నారు. వేలికి ఆక్సిమీటర్, నిమిషానికోసారి అసిస్టెంట్ అమ్మాయి అంకె రాసుకుంటోంది. రెండో నిమిషానికి 98. ఐదో నిమిషానికి 109, చెవుల్లో హోరు, పాదాలు ఊదా రంగులోకి మారుతున్నాయి. పదో నిమిషానికి 114, బీపీ మాత్రం పడిపోలేదు. వెంటనే పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టారు. బతుకమ్మ దగ్గర నాకు జరిగేది ఇదే, పూటకు పూట, బ్యాంకు లైన్లో, పెళ్లిలో తలంబ్రాలప్పుడు, పొయ్యి ముందు. నిలబడిన పది నిమిషాల్లో పల్స్ 30 గాని అంతకన్నా ఎక్కువ గాని పెరిగి, బీపీ పడిపోకుండా ఉంటే పాట్స్ అనే సమస్యను అనుమానిస్తారు, కానీ రక్తం తక్కువ ఉన్నా, థైరాయిడ్ ఉన్నా, ఒంట్లో నీరు తక్కువైనా ఇలాగే పెరుగుతుంది కాబట్టి ముందు అవి చూడాలి అన్నారు. ఆమె జబ్బు పేరు పెట్టలేదు. "పేరు పెట్టడం నా పని కాదమ్మా, ఇవి ఫిజిషియన్‌కు రాసిస్తాను" అని రెండు పేజీల లెటర్ రాశారు, అందులో నిమిషం నిమిషం అంకెలు ఉన్నాయి.

ఆ లెటర్ చూశాక ఫిజిషియన్ నన్ను చూసిన తీరే మారింది. పరీక్షలు రాశారు, హిమోగ్లోబిన్ 9.8, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ బాగా తక్కువ, థైరాయిడ్ బాగుంది. ఇప్పుడు ఐరన్ నడుస్తోంది, కళ్లు తిరగడం సగానికి తగ్గింది, అంటే అంతా కీళ్ల మీద నెట్టేయకుండా మేడమ్ నా రక్తం చూడమనడం ఎంత మేలు చేసిందో చూడండి. ఐరన్ సరిపడా అయ్యాక మళ్లీ గోడ పరీక్ష చేసి అప్పుడు పాట్స్ సంగతి తేలుస్తామన్నారు. గుండెకు ఎకో కూడా తీయించారు, బాగుంది. ఉప్పు పెంచమని నెట్‌లో చాలామంది చెప్తారు, డాక్టర్ బీపీ, కిడ్నీ చూసి చెప్పేదాకా ఆ పని చేయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. ఎహ్లర్స్ డాన్లోస్ గురించి అడిగాను, 2017లో ఇచ్చిన వర్గీకరణలో 13 రకాలు ఉన్నాయి, చాలావాటికి జీన్ పరీక్ష ఉంది, కీళ్లు వదులయ్యే మామూలు రకానికి మాత్రం ఇప్పటికీ లేదు, లక్షణాలు చూసే నిర్ణయిస్తారు, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది అన్నారు.

వ్యాయామాల దగ్గరికొస్తే, మొదటి రోజు మూడే ఇచ్చారు. ఇంతేనా అనిపించింది నాకు. గోడకు అరచెయ్యి ఆనించి భుజం కదలకుండా మెల్లగా తోయాలి, ఐదు సెకన్లు, ఐదు సార్లు. పడుకుని మడమను పరుపులోకి నొక్కాలి. పొట్టతో ఊపిరి. అన్నీ పడుకుని గాని, ఆనుకుని గాని. నిలబడి చేసేవి తర్వాత. తెల్లారికి నొప్పి ముందురోజు కన్నా పెరిగితే సగానికి తగ్గించమన్నారు. ఇవ్వడానికి ముందు ఇంకో ముఖ్యమైన ప్రశ్న అడిగారు, పని ఎక్కువైన మరునాడో మూడోనాడో ఒళ్లు కుప్పకూలిపోయి మంచం దిగలేని పరిస్థితి వస్తుందా అని. అలా వచ్చేవాళ్లకు రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఇంకా చెడిపోతారట, వాళ్ల లెక్క వేరే. నాకు అలా లేదు, అలసట మాత్రమే. మీకు ఉంటే తప్పకుండా ముందే చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

ఇంటి పనులు కూడా అడిగి అడిగి తెలుసుకున్నారు. జొన్నరొట్టె ఎలా తడతానో బల్ల మీద చేసి చూపించమన్నారు! చూసి, మణికట్టు వెనక్కి మడిచి బరువంతా దాని మీద వేస్తున్నానని, పీటను కొంచెం కిందికి దించి మణికట్టు తిన్నగా ఉంచి భుజం నుంచి తట్టమని చెప్పారు. మానేయమనలేదు, అందుకే ఆ మాట ఇంట్లో చెల్లింది. మీసేవలో కుర్చీ ఎత్తు ఎక్కువ, కాళ్లు వేలాడతాయి, కింద రెండు ఇటుకలు గుడ్డ చుట్టి పెట్టుకున్నాను. చిటికెనవేలు వెనక్కి పోకుండా ఉంగరం లాంటి చిన్న ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు, టైపింగ్‌లో మొదటి రెండు రోజులు అడ్డంగా ఉంది, ఇప్పుడు లేకపోతే తోచదు.

ఆరు వారాలైంది. నొప్పులు పోలేదు. పోతాయని ఆమె కూడా చెప్పలేదు. కానీ భుజం ఈ ఆరు వారాల్లో ఒక్కసారే జారింది, అంతకు ముందు వారానికి రెండు మూడుసార్లు. పాపను ఎడమ వైపు ఎత్తుకోగలుగుతున్నాను.

డబ్బుల సంగతి: మొదటి రోజుకు 1,000, తర్వాత సిట్టింగుకు 400. నా ఇన్సూరెన్స్‌లో ఇవి రావు. పాతచోట రోజుకు 250 తీసుకునేవాళ్లు, చూడ్డానికి తక్కువే, పది రోజులకు లెక్కేస్తే 2,500 ఇచ్చి భుజం పాడుచేసుకున్నాను. ఇక్కడ సిట్టింగులు పదిహేను రోజులకోసారే, ప్యాకేజీ కట్టమని అడగలేదు.

బాగాలేనివి కూడా చెప్తాను. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒకవైపే రెయిలింగ్ ఉంది, మోకాళ్లూ మడమలూ జారేవాళ్లు వచ్చే చోటికి ఇది పెద్ద ఇబ్బంది. బయట స్టీలు బెంచీ, మీద పరుపు గాని, చేతులు పెట్టుకోను ఆసరా గాని లేదు, నేను వెళ్లిన రెండోసారి నలభై నిమిషాలు దాని మీద కూర్చోవాల్సి వచ్చింది, లోపలికి వెళ్లేసరికి నడుము పని అయిపోయింది. ముందు పేషెంటుకు ఎక్కువ టైమ్ పట్టిందన్నారు, ఆ టైమే నాకూ ఇచ్చారు కాబట్టి గొడవ పెట్టలేదు, కానీ ఫోన్ చేసి లేటుగా రమ్మని చెప్తే సరిపోయేది. అపాయింట్‌మెంట్లు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు లోపే, ఉద్యోగం చేసేవాళ్లకు సెలవు తప్పదు. రిపోర్టు అంతా ఇంగ్లీషులోనే ఉంది, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాలంటే నేనే తెలుగులో చెప్పుకోవాలి. ఈ మాట చెప్పాక వ్యాయామాలు మాత్రం తెలుగులో వాయిస్ మెసేజ్ పెడుతున్నారు.

మీరు వెళ్తే ఒక చిన్న సలహా. ఏ కీలు ఎప్పుడు జారింది, ఏం చేస్తుండగా, అప్పుడు పీరియడ్స్ దగ్గర్లో ఉన్నాయా, నిద్ర ఎంత, ఇవి రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లండి. నేను రాసుకోలేదు, సగం ప్రశ్నలకు గుర్తు లేదు అన్నాను. కీళ్లు ఎంత వంగుతాయో చూపించడానికి ఇంట్లో పదేపదే వంచి చూడొద్దు కూడా, నేను ముందురోజు రాత్రి అలా చేసి పొద్దున్నే వాపుతో వెళ్లాను.

పోయిన ఆదివారం ఊరికెళ్లి అమ్మకు ఇదంతా చెప్తూ బొటనవేలు మడిచి చూపించాను. అమ్మ చేట పక్కన పెట్టి, "గదేముంది బిడ్డా, నాకు గూడ వస్తది" అని తన బొటనవేలు వంచి ముంజేతికి ఆనించింది. 58 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా మోకాళ్ల నొప్పులు, ఇరవై ఏళ్లుగా ఫ్లోరైడ్ అనే మాట. ఆమెకు ఫ్లోరైడ్ లేదని నేను అనడం లేదు, ఆ నీళ్లే తాగి బతికింది, రెండూ ఉండొచ్చు. కానీ ఇప్పటిదాకా ఆమె మోకాలికి ఎవరూ స్కేలు ఆనించి చూడలేదు. మేడమ్‌కు ఫోన్ చేసి అడిగితే పాత ఎక్స్‌రేలు ఎన్ని ఉంటే అన్నీ తెమ్మన్నారు. మెట్లు ఎక్కడం అమ్మ వల్ల కాదని చెప్తే, కింద మెడికల్ షాపు వెనక గది ఆ పూటకు అడిగి తీసుకుంటాను, అక్కడే చూస్తాను అన్నారు. వచ్చే గురువారం రెండున్నరకు అపాయింట్‌మెంట్.